నాపరాళ్ల వాకిలి: సందులలో ఏది నింపాలి?

ఇంటి ముందు రాతి పలకలు పరిపించాలని సంకల్పించిన గృహస్థు సాధారణంగా మూడు విషయాలపై శ్రద్ధ వహిస్తాడు: రాయి రంగు, దాని ధర, మేస్త్రీ కూలి. రెండు పలకల నడుమ మిగిలే సందులో ఏది నింపాలనే ప్రశ్న చివరి రోజు సాయంకాలం దాకా ఎవరికీ తట్టదు. అప్పటికి మిగిలి ఉన్న సిమెంటును కలిపి పూసి, పని ముగిసిందని అనుకుంటారు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి సందులు చిట్లుతాయి, పలకలు అడుగు వేస్తే కదులుతాయి, కింద నీరు నిలుస్తుంది. నింద మాత్రం రాతిపై పడుతుంది.

ఇందులోని వైపరీత్యం ఒక చిన్న లెక్కతో తేటపడుతుంది. 20 చదరపు మీటర్ల వాకిలిలో 600 మిల్లీమీటర్ల చదరపు పలకలను, 25 మిల్లీమీటర్ల మందంతో, 10 మిల్లీమీటర్ల సందు వదిలి పరిచారని అనుకొనవచ్చు. మొత్తం వైశాల్యంలో సందుల వాటా నూటికి 3 పాళ్లకు కాస్త ఎక్కువ. వాటిని నిండుగా నింపడానికి కావలసిన పదార్థం దాదాపు 16 లీటర్లు. అంటే ఒక బకెట్టు. ఆ ఒక్క బకెట్టు పదార్థాన్ని సరిగా ఎంచుకొనకపోవడం వల్ల 54 పలకలను పెకలించి మళ్లీ పరచవలసిన అవసరం కలుగవచ్చు.

బెంగళూరు వంటి నగరంలో ఈ ఎంపికకు మరొక ముఖం ఉంది. సందు ఎటువంటిదో దానిని బట్టే వాకిలిపై పడిన వాన నేలలోకి దిగుతుందా, వీధి కాలువలోకి పోతుందా అన్నది నిర్ణయమవుతుంది. కనుక ఇది కేవలం అలంకార విషయం కాదు.

మొదటి ప్రశ్న: ఆ రాయి ఏది?

తెలుగువారు నాపరాయి అని పిలిచేది సున్నపురాయి జాతికి చెందిన పలక. తాండూరు, బేతంచెర్ల, కడప ప్రాంతాల గనుల నుంచీ, కర్ణాటకలోని కలబురగి జిల్లా శాహబాదు నుంచీ ఈ పలకలు నగరానికి చేరుతాయి. బెంగళూరు రాళ్ల దుకాణాలలో కడప కల్లు, శాహబాద్ కల్లు అనే పేర్లు వినిపిస్తాయి. దీనికి భిన్నంగా, నగరానికి ఉత్తరాన ఉన్న సాదరహళ్ళి పేరుతో దొరికే బూడిదరంగు రాయి గ్రానైటు జాతిది. అది కఠినమైనది, నీటిని చాలా తక్కువగా పీలుస్తుంది.

ఈ భేదం సందు విషయంలో ప్రధానం. సున్నపురాయి ఆమ్లానికి లొంగిపోతుంది, గ్రానైటు అంత తేలికగా లొంగదు. రాయి ఏ జాతిదో సందేహం కలిగితే ఇంట్లోనే పరీక్షించవచ్చు. విడిగా ఉన్న పలకను తిప్పి, వెనుకవైపు మేకుతో గీకి, ఆ పొడిపై నిమ్మరసం చుక్క వేయాలి. సన్నని బుడగలు లేస్తే అది సున్నపురాయి. తరువాత ఆ చోటును మంచినీటితో కడగాలి.

రెండవ పరీక్ష నీటిది. పొడి పలకపై నీటి చుక్క వేసి ఐదు నిమిషాలు ఆగాలి. చుక్క నిలిచి ఉంటే రాయి గట్టిది. చుక్క ఇంకి ఆ చోటు నల్లబడితే, సిమెంటు నీరూ రంగుగల పదార్థాలూ అందులోకి అలాగే ఇంకి మరకలు మిగులుస్తాయని గ్రహించాలి.

రెండవ ప్రశ్న: పలక కింద ఏముంది?

సందుకు సంబంధించిన మూలసూత్రం ఒక్కటే: సందు తన అడుగును అనుసరించాలి. అడుగు కదిలేదైతే సందు కూడా కదలగలగాలి. అడుగు బిగువుగా ఉంటే సందు కూడా బిగువుగా ఉండవచ్చు.

బాగా దిమ్మిస కొట్టిన మొరం మీద ఇసుక లేదా రాతిపొడి పరిచి, దానిపై పలకలు పేర్చడం ఒక పద్ధతి. ఇటువంటి అడుగు వానకు కొంచెం సర్దుకుంటుంది, ఎండకు కొంచెం బిగుస్తుంది. ప్రతి పలకా వెంట్రుకవాసి కదులుతూనే ఉంటుంది. అటువంటి చోట సందులో గట్టి సిమెంటు నింపితే ఆ కదలికను అది భరించలేదు. పలక అంచు వెంబడి సన్నని చీలిక పుడుతుంది. చీలికలోంచి దిగిన నీరు కింది ఇసుకను కొట్టుకుపోతుంది. ఇసుక పోయిన చోట పలక ఊగుతుంది.

కాంక్రీటుపై నిండుగా గార వేసి పలకలను అతికించడం రెండవ పద్ధతి. ఇక్కడ వదులు ఇసుకతో సందులు నింపితే విరుద్ధమైన దోషం కలుగుతుంది. సందులోంచి దిగిన నీటికి కింద దారి ఉండదు. అది కాంక్రీటుకూ రాతికీ నడుమ నిలిచి, లవణాలను పైకి తెచ్చి, పలకలపై తెల్లని పూతగా విడిచిపెడుతుంది.

కొత్త పనిలో ఈ అడుగును గృహస్థు కళ్లారా చూడగలడు. పాత వాకిలిలో మాత్రం ఒక మూల పలకను జాగ్రత్తగా లేపి చూడాలి. ఊహించి పని మొదలుపెట్టడం కంటె ఆ అరగంట శ్రమ మేలు.

పదార్థాల గుణదోషాలు

*ఇసుక, రాతి చిప్స్.* ఇది అన్నిటికంటె చవక, మరమ్మతు అన్నిటికంటె సులభం. ఇసుక అడుగు గల వాకిలికి ఇది సహజమైన జోడు. కడిగి ఆరబెట్టి జల్లించిన ఎం-శాండ్ గింజలు కోణాలుగా ఉండడం వల్ల ఒకదానిలో ఒకటి చిక్కుకొని నిలుస్తాయి. కడగని ఎం-శాండులో సన్నని దుమ్ము ఎక్కువగా ఉంటుంది. అది బురదగా మారి నీటి దారిని మూసివేస్తుంది. దోషాలు కూడా ఉన్నాయి. చీమలు మట్టిని పైకి తోడుతాయి, గరిక మొలుస్తుంది. నిత్యం కళ్లాపి చల్లి, ఈనెల చీపురుతో ఊడ్చే ఇళ్లలో పైపొర కొద్దికొద్దిగా లేచిపోతుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు మళ్లీ ఇసుక ఊడ్చి నింపడానికి సిద్ధపడినవారికే ఇది తగినది.

*సున్నపు గార.* తెలుగునాట పాత ఇళ్లలో గానుగలో నూరిన సున్నానికి ఇసుకనూ ఇటుకపొడి అయిన సుర్కీనీ చేర్చి, కరక్కాయ నానబెట్టిన నీరూ బెల్లపు నీరూ పోసి గచ్చు చేసేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి నెమ్మదిగా గట్టిపడుతుంది, సుర్కీ ఆ గార తడిలోనూ పట్టు సాధించేందుకు తోడ్పడుతుంది. ఈ గార సున్నపురాయి కంటె మెత్తగా ఉంటుంది, ఆవిరిని బయటికి పోనిస్తుంది, చిన్న కదలికలను భరిస్తుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక, సుర్కీల మిశ్రమం సాధారణ పాళం. దోషమేమంటే ఇది తొందరపాటును సహించదు. కనీసం రెండు వారాలు ఎండ తగలకుండా తడి గోనెపట్టాల కింద ఉంచాలి, ఆ కాలంలో కుండపోత వాన పడకూడదు. విరిగిన సున్నపు రాళ్లను ఇంట్లో నీరు పోసి ఉడికించడం కళ్లకు ప్రమాదకరం. ఉడికించి జల్లించిన సున్నాన్నే కొనాలి.

*సిమెంటు గార.* బిగువైన అడుగుకు ఇది తగినది, ఎక్కడైనా దొరుకుతుంది, ప్రతి మేస్త్రీకీ పరిచితం. సిమెంటు ఎక్కువైతే సందు బలంగా ఉంటుందనే నమ్మకం మాత్రం పొరపాటు. సిమెంటు ఎక్కువైన కొద్దీ గార ఆరేటప్పుడు కుంచించుకుపోయి అంచు వద్ద విడిపోతుంది. గ్రానైటు పలకలకు ఒకటికి నాలుగు పాళ్లు ఇసుక చాలు. నాపరాతికి ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక కలిపిన మిశ్రమం మధ్యేమార్గం. అది సిమెంటంత కఠినం కాదు, సున్నమంత ఆలస్యం చేయదు. సందు 6 మిల్లీమీటర్లకంటె ఇరుకైతే గార అడుగుదాకా దిగదు, పైన పొరలా నిలిచి తరువాత రాలిపోతుంది.

*జిగురు కలిసిన ఇసుక.* పాలిమర్ ఇసుక అనే పేరుతో సంచులలో వస్తుంది. పొడిగా ఊడ్చి నింపి, సన్నని తుంపరతో తడిపితే గింజలు పరస్పరం అంటుకుంటాయి. చీమలను, గరికను చాలావరకు అడ్డుకుంటుంది, కొంత కదలికను సహిస్తుంది. రాయి ఏమాత్రం తడిగా ఉన్నా పైన తెల్లని పొర పట్టి వదలదు. నింపిన మరునాటిలోగా వాన పడితే పని చెడుతుంది. 25 మిల్లీమీటర్ల పలుచని పలకలకు, సంచిపై సూచించిన కనీస లోతు సందులో దొరుకుతుందో లేదో ముందే చూడాలి.

*ఎపాక్సీ.* రెండు డబ్బాలలోని ద్రవాలను కలిపి వాడే జిగురు గ్రౌటు ఇది. నీరు, నూనె దీనిలోకి దిగవు. గిన్నెలు తోమే గట్టు, సంపు మూత చుట్టూ ఉండే సందులు వంటి చోట్ల దీనికి సాటి లేదు. అయితే ఎండకు పసుపు రంగుకు మారుతుంది. గరుకు నాపరాతిపై పడిన జిగురు మెరిసే మరకగా శాశ్వతంగా నిలుస్తుంది. చర్మానికి తగిలితే దురదా పొక్కులూ కలగవచ్చు కనుక చేతి తొడుగులు లేకుండా పని చేయించరాదు. వాకిలి అంతటా దీనిని వాడడం ధనవ్యయమే కాక, నీటి దారిని పూర్తిగా మూసివేయడం కూడా.

ఈ అన్నిటిలో ఏది ఎంచుకొన్నా ఒక నియమం మారదు: సందు రాతికంటె మెత్తగా ఉండాలి. నేల కదిలినప్పుడు రెండింటిలో ఒకటి దెబ్బతినక తప్పదు. చెడిన సందును ఒక ఆదివారంలో తిరిగి నింపవచ్చు. పగిలిన పలకకు అతుకు లేదు.

మూడవ ప్రశ్న: నీరు ఎటు పోవాలి?

బెంగళూరులో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. ఆ లెక్కన 20 చదరపు మీటర్ల వాకిలిపై సంవత్సరంలో పడే నీరు 20,000 లీటర్లు. అంటే 6,000 లీటర్ల ట్యాంకర్లు మూడింటికి పైగా. ఒక్క సాయంకాలం 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,000 లీటర్లు ఆ చిన్న చోటే పడతాయి. సందులన్నీ మూసి ఉన్న వాకిలి నుంచి ఆ నీరంతా నిమిషాలలో వీధికి, అక్కడి నుంచి రాజకాలువెకు చేరుతుంది. ప్రతి ఇల్లూ ఇలాగే చేస్తే పల్లపు వీధిలో ఉన్నవారి గడపలోకి నీరు వస్తుంది. వేసవిలో మాత్రం అదే వీధివారు ట్యాంకరు కోసం ఎదురుచూస్తారు.

పెద్ద స్థలాలలోని ఇళ్లు వాన నీటిని ఒడిసిపట్టాలన్న నిబంధనను బెంగళూరు జలమండలి చట్టంలో 2009లో చేర్చారు. చిన్న స్థలంలో ఉన్న కుటుంబం చట్టం అడగకపోయినా చేయగల పని ఒకటి ఉంది: తోటవైపు భాగంలోనైనా సందులను నీరు దిగేలా ఉంచడం, మిగిలిన నీరు ఇంకుడు గుంతవైపు పోయేలా వాలు ఇవ్వడం. వాలు మీటరుకు 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటే నడిచేవారికి తెలియదు, నీరు మాత్రం నిలవదు.

నీరు దిగే సందు ఎల్లచోట్లా మంచిది కాదు. గోడ పునాదిని ఆనుకొని ఉన్న వరుసలో, సంపు చుట్టూ, నేలమాళిగ పైభాగంలో సందులను మూసి, వాలు అవతలికి ఉంచాలి. సంపులోకి వాకిలి మురికినీరు దిగితే ఆ ఇంటిల్లిపాది ఆరోగ్యానికే ముప్పు.

బిగువైన అడుగుపై పరిచిన వాకిలికి ఎండ వేడిమికి సాగే చోటు కూడా కావాలి. 4 మీటర్ల గ్రానైటు వరుస 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 1 మిల్లీమీటరు సాగుతుంది. ఆ 1 మిల్లీమీటరుకు దారి లేకపోతే పలకలు గుడారంలా పైకి లేస్తాయి. అందుకే గోడ పక్కన, అలాగే 3 నుంచి 4 మీటర్లకు ఒకచోట, గారకు బదులు రాతికి మరక పెట్టని రకం సీలెంటుతో సందు నింపాలి.

పని జరిగే రోజు

మొదట రెండు పలకల నడుమ మాత్రమే నింపి ఒక వారం గమనించడం ఉత్తమం. రంగు, మరక, పట్టు ఆ వారంలో తెలిసిపోతాయి. గార నింపేముందు సందును అడుగుదాకా శుభ్రపరచి, పలక అంచులను తడపాలి. నీరు మాత్రం నిలిచి ఉండకూడదు. ఎండిన రాయి గారలోని నీటిని పీల్చివేసి దానిని పొడి చేస్తుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండలోనూ, సెప్టెంబరు, అక్టోబరు వానల నడుమనూ ఈ పని పెట్టుకొనకపోవడం మంచిది. సిమెంటు సందులను కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి.

రాతిపై పడిన గారను ఆరకముందే తడి స్పాంజితో తుడవాలి. ఆరిన తరువాత ఆసిడ్ పోసి కడగడం నగరంలో సర్వసాధారణమైన అలవాటు. నాపరాతిపై అది చేయరాని పని. ఆసిడ్ సిమెంటు పొరతోపాటు రాతి పైపొరను కూడా తినివేసి, నున్నని పలకను గరుకుగా, పాలిపోయినదిగా మారుస్తుంది. సందులోని సున్నాన్ని కూడా కరిగిస్తుంది.

పాత సందులను గ్రైండరుతో పొడిగా కోయించరాదు. లేచే సన్నని రాతి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులను తిరిగి బాగుపడని విధంగా దెబ్బతీస్తుంది. నీరు పోస్తూ కోయించడం, ముక్కుకు తగిన మాస్కు ఇవ్వడం ఇంటి యజమాని బాధ్యత. ఒక బకెట్టు పదార్థాన్ని తీయడానికి ఒక కూలీ ఆయువు తరుగకూడదు.

మేస్త్రీతో మాటలు

స్థానిక మేస్త్రీలతో కన్నడంలో మాట్లాడవలసి వచ్చినప్పుడు తెలుగువారికి పెద్ద ఇబ్బంది కలుగదు. గార అక్కడ గారె, సున్నం సుణ్ణ, ఇసుక మరళు, రాతి పలక చప్పడి. మాట కలిసినంత మాత్రాన పని కలవదు కనుక పాళం ఎంత, అడుగు ఏది, సందు ఎన్ని మిల్లీమీటర్లు అన్న మూడింటిని కాగితంపై రాసుకొని ఇరువురూ చూసుకొనడం శ్రేయస్కరం. అద్దె ఇంట్లో ఉన్నవారు పలక లేపేముందు యజమాని అనుమతి తీసుకోవాలి.

ఒక ఉదాహరణ

పైన చెప్పిన 20 చదరపు మీటర్ల వాకిలినే తిరిగి చూడవచ్చు. నాపరాయి, గేటు పక్కన 4 చదరపు మీటర్లలో సంపు ఉంది, గడప ముందు 4 చదరపు మీటర్లలో రోజూ కడిగి ముగ్గు పెడతారు, మిగిలిన 12 చదరపు మీటర్లు తులసికోట, మొక్కల వైపు ఉన్నాయి. ఒకే పదార్థంతో అంతా నింపడం ఇక్కడ తెలివైన పని కాదు. సంపు వద్ద కాంక్రీటు అడుగు, మూత చుట్టూ ఎపాక్సీ, తక్కిన సందులలో సిమెంటు, సున్నం కలిసిన గార. గడప ముందు కూడా అదే అడుగు, అదే గార; గోడ అంచున సీలెంటు. మొక్కలవైపు మొరంపై ఇసుక అడుగు, సందులలో కడిగిన ఎం-శాండ్, వాలు మొక్కల పాదులవైపు. అడుగులు మారే రేఖ వద్ద ఒక వరుస రాళ్లను నిలువుగా పాతి కట్టు ఇస్తే ఇసుక జారదు. చూపుకు వాకిలి ఒక్కటే. నీటికి మాత్రం ప్రతి చోటా తగిన దారి.

పునశ్చరణ

పని ఒప్పుకొనేముందు కుటుంబంలోని వారు తమను తాము వేసుకోదగిన ప్రశ్నలు ఇవి.

1. మన పలక సున్నపురాయా, గ్రానైటా? నిమ్మరసంతో పరీక్షించామా?
2. అడుగు ఇసుకా, కాంక్రీటా? సందు దానికి జోడుగా ఉందా?
3. ఎంచుకొన్న పదార్థం రాతికంటె మెత్తగా ఉందా?
4. సంపు, పునాది వద్ద నీరు దిగకుండా, తోటవైపు దిగేలా ఏర్పాటు ఉందా?
5. పాత సందులు తీసే మనిషికి నీరు, మాస్కు సిద్ధంగా ఉన్నాయా?

ఈ ఐదింటికీ సమాధానం దొరికిన తరువాత ఆ ఒక్క బకెట్టులో ఏమి కలపాలో మేస్త్రీ అడగకముందే గృహస్థుకు తెలిసి ఉంటుంది.